షాట్ ఎక్కడ మొదలైంది? లేఅప్ మీద ఫౌల్‌ను రిఫరీ ఎలా తేలుస్తాడు

మీరు అడిగింది ఇదీ: విశాఖలో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ మ్యాచ్. మీ గార్డు (బాల్ నడిపే ఆటగాడు) కుడివైపు నుంచి దూసుకెళ్లి డ్రిబ్లింగ్ ఆపాడు. మొదటి అడుగు మీద ఉండగా డిఫెండర్ మోచేతి మీద కొట్టాడు. విజిల్ మోగింది. కుర్రాడు ఆగకుండా ఇంకో అడుగు వేసి లేఅప్ (బాస్కెట్ దగ్గరికి పరుగున వెళ్లి వేసే షాట్) వేశాడు, పడింది. రిఫరీ ఆ బాస్కెట్ లెక్కలేదని, వేలు నేలకు చూపించి బయట నుంచి బాల్ ఇచ్చాడు. మూడో క్వార్టర్‌లో అవతలి జట్టుకు ఇంచుమించు ఇలాగే జరిగితే మాత్రం రెండు పాయింట్లు ఇచ్చి, పైన ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్) కూడా ఇచ్చాడు. ఈ రెండింటికీ తేడా ఏమిటి, అసలు రిఫరీ దేన్ని చూసి తేలుస్తాడు అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, రెండు నిర్ణయాలూ సరైనవే కావచ్చు, మొదటిది తప్పూ కావచ్చు. దెబ్బ తగిలిన క్షణంలో బాల్ ఎక్కడుంది అన్నదాన్ని బట్టే అది తేలుతుంది. ఎన్నో అడుగు, విజిల్ ఎప్పుడు మోగింది, బాల్ పడిందా లేదా అన్న మూడింటికీ ఇందులో పాత్ర లేదు. గ్యాలరీలో జరిగే వాదనలు మాత్రం ఎక్కువగా ఈ మూడింటి మీదే జరుగుతాయి.

మన దగ్గర ఫెడరేషన్ మ్యాచ్‌లు ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలతో నడుస్తాయి. అందులో 15వ నిబంధన షాట్‌లో ఉన్న ఆటగాడి గురించి చెబుతుంది, షాట్‌ను రెండు రకాలుగా విడదీస్తుంది. ఉన్నచోటనే నిలబడి వేసే జంప్ షాట్ లాంటిదైతే, బాల్‌ను బాస్కెట్ వైపు పైకి కదపడం మొదలుపెట్టాడని రిఫరీకి అనిపించినప్పుడు షాట్ మొదలవుతుంది. పరుగు మీద వెళ్తూ వేసేది వేరు. డ్రిబ్లింగ్ ముగిసో, గాలిలో అందుకునో బాల్ చేతిలో నిలిచి, షాట్‌కు వెళ్లే కదలిక మొదలైతే చాలు. బాల్ ఇంకా నడుము దగ్గరే ఉన్నా, కాళ్లు ఇంకా నేల మీదే ఉన్నా షాట్ మొదలైనట్టే. లేఅప్, యూరో స్టెప్, స్పిన్ చేసి వేసేవి, ఫ్లోటర్ అన్నీ ఈ రెండో కోవలోకి వస్తాయి.

అదే నిబంధనలో ఇంకో ముక్క ఉంది, దాన్ని చాలామంది చదవరు: వేసిన అడుగుల సంఖ్యకూ షాట్‌లో ఉండడానికీ సంబంధం లేదు. 2017లో ఫిబా అడుగుల లెక్క మార్చింది. పరుగు మీద బాల్ చేతికి చిక్కినప్పుడు నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు, ఆ తర్వాత పడే కాలు మొదటి అడుగు. కోచ్‌లు దాన్నే జీరో స్టెప్ అంటారు. అప్పటినుంచి షాట్ మొదలుకూ బాల్ గాలిలోకి లేచే క్షణానికీ మధ్య దూరం ఇంకా పెరిగింది. కాబట్టి ‘మొదటి అడుగు మీదే కొట్టాడు, ఇంకా షాట్ కాదు’ అన్న మాట చెల్లదు. ‘రెండో అడుగు మీద కొట్టాడు కాబట్టి షాటే’ అన్నదీ అంతే చెల్లదు.

అంటే మీ కుర్రాడి విషయంలో రిఫరీ తేల్చుకోవలసింది ఒక్కటే. మోచేతి మీద దెబ్బ పడేసరికి బాల్ చేతిలో నిలిచిందా, లేక చివరి డ్రిబుల్ నుంచి ఇంకా పైకొస్తూ ఉందా? నిలిస్తే రెండు పాయింట్లూ ఒక ఫ్రీ త్రో. నిలవకపోతే అది మామూలు పర్సనల్ ఫౌల్, బాస్కెట్ లెక్కలోకి రాదు.

బాల్ నిలవడం అంటే ఏమిటో రిఫరీ కంటికి తెలియాలి. రెండు చేతులతో బాల్ పట్టుకుంటే గొడవే లేదు. ఒంటి చేత్తో వెళ్లేవాళ్ల దగ్గరే చిక్కు. డ్రిబ్లింగ్‌లో అరచెయ్యి బాల్ పైన గానీ పక్కన గానీ ఉండి కిందికి తోస్తుంది. అరచెయ్యి బాల్ కిందికి జారి దాన్ని మోయడం మొదలెట్టిందంటే డ్రిబుల్ అయిపోయినట్టు. ఆ చేతిలోనే బాల్ తొడ ఎత్తు నుంచి ఛాతీ వైపు ఊగుతుంటే షాట్ కదలిక కూడా మొదలైనట్టు. అలవాటున్న రిఫరీ ఆ క్షణాన్ని మనసులో గుర్తు పెట్టుకుంటాడు, కాంటాక్ట్ దానికి ముందా తర్వాతా అన్నది పోల్చుకుంటాడు. అలవాటు లేనివాడు దెబ్బ చప్పుడు విన్నాక వెనక్కి ఆలోచిస్తాడు. అప్పటికి అతని కంట్లో మిగిలేది ఆటగాడు గాలిలో ఉన్న దృశ్యమే.

ఇక విజిల్ సంగతి. కాంటాక్ట్ ముందు జరుగుతుంది, రిఫరీ దాన్ని చూసి, తూచి, ఊపిరి పీల్చి ఊదుతాడు. ఆ లోపల వేగంగా వెళ్లే కుర్రాడు సగం అడుగు దాటేస్తాడు. విజిల్ విన్నప్పుడు బాల్ చేతిలో పైకెత్తి ఉంది కాబట్టి ‘అండ్ వన్’ (బాస్కెట్‌తో పాటు ఒక ఫ్రీ త్రో) అని బెంచి మీద వాళ్లు లేస్తారు. లెక్కించేది కాంటాక్ట్ క్షణాన్ని మాత్రమే. ఇదే సూత్రం రెండోవైపూ పనిచేస్తుంది: కాంటాక్ట్ నాటికే షాట్ మొదలైతే, విజిల్ తర్వాత బాల్ చేతిలోంచి వెళ్లినా, ఆగకుండా అదే కదలికలో వేస్తే బాస్కెట్ చెల్లుతుంది. మధ్యలో ఆగి, సర్దుకుని, కొత్తగా వేస్తే చెల్లదు. దెబ్బ తగలగానే విజిల్ విని ఆటగాడు చేతులు వదిలేయకూడదని కోచ్‌లు చెప్పేది ఇందుకే. వెయ్యాలి, ఆ ఊపులోనే వెయ్యాలి.

చేతులు పట్టేసుకుని బాల్ బయటికే రానివ్వకపోతే? అప్పుడూ షాట్‌లో ఉన్నట్టే. బాల్ చేతిలోంచి వెళ్లి తీరాలన్న షరతు లేదు. ఫౌల్ అయ్యాక షాట్ మానేసి పక్కవాడికి పాస్ ఇస్తే మాత్రం షాట్‌లో ఉన్నట్టు కాదు. గాలిలోకి లేచి ఉన్నా సరే, మామూలు ఫౌలే. ఈ రెండూ తెలియక ఊరికే రిఫరీని తిట్టడం తరచూ చూస్తాం.

షాట్ మొదలు ఎలా తేలుతుందో అయ్యింది. దానికంటే ముందే రిఫరీ తేల్చుకోవలసిన సంగతి, అసలు ఫౌల్ ఉందా అన్నది. ఇక్కడ కన్ను షూటర్ మీద కాదు, డిఫెండర్ మీద ఉండాలి. షూటర్ ఏం చేస్తాడో మనకు ముందే తెలుసు, షాట్ వేస్తాడు. చట్టబద్ధంగా ఉన్నదీ లేనిదీ డిఫెండరే. మంచి రిఫరీ అతన్ని మూడు చోట్ల, ఒకదాని తర్వాత ఒకటిగా చూస్తాడు: ముందు కాళ్లు, తర్వాత ఛాతీ చేతులు, మళ్లీ కాళ్లు.

మొదట కాళ్లు. షూటర్ నేల వదిలేముందు డిఫెండర్ ఎదురుగా తిరిగి రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలిచాడా? నిలిస్తే ఆ చోటు అతనిది. ఆ తర్వాత పక్కకో వెనక్కో కదిలినా ఆ హక్కు పోదు. బాల్ ఉన్నవాడిని ఆపేటప్పుడు ‘టైమివ్వలేదు, దూరమివ్వలేదు’ అన్న లెక్క కూడా ఉండదు. ఛాతీ మధ్యలో వచ్చి గుద్దుకుంటే చార్జ్, అంటే షూటర్ ఫౌల్. డిఫెండర్ భుజమో తుంటో అడ్డంగా తగిలితే ఎక్కువసార్లు బ్లాక్, అంటే డిఫెండర్ ఫౌల్. కానీ షూటర్ గాలిలోకి లేచాక దారిలోకి వచ్చినవాడు ఎంత నిటారుగా నిలబడ్డా తప్పు అతనిదే.

తర్వాత ఛాతీ, చేతులు. ఫిబా ఇక్కడ సిలిండర్ అనే ఊహను వాడుతుంది. ముందు అరచేతులు, వెనక పిరుదులు, పక్కల చేతుల కాళ్ల బయటి అంచులు హద్దులుగా, డిఫెండర్ చుట్టూ నేల నుంచి పైకి ఒక గొట్టం ఉందనుకోవాలి. దాని లోపల నిట్టనిలువుగా ఎంత ఎత్తు ఎగిరినా అతని హక్కు. ‘చేతులు పైనే ఉన్నాయి కదా సర్’ అని డిఫెండర్ అరిచినా, అతను ముందుకు ఎగిరి ఛాతీతో షూటర్ పక్కటెముకల్ని తోస్తే అది ఫౌల్. చేతులు పైకే ఉన్నా మణికట్టు దగ్గర ముందుకు వంగి షూటర్ మీద వాలితే ఫౌల్. పైనుంచి కిందికి గొడ్డలిలా దిగే చెయ్యి గురించి చెప్పనే అక్కర్లేదు. మొదటి రెండూ కంటికి నాజూగ్గా కనిపిస్తాయి కాబట్టి తప్పిపోతాయి, మూడోది చప్పుడు చేస్తుంది కాబట్టి దొరుకుతుంది. చప్పుడును బట్టి ఊదే రిఫరీ బాల్ మీద పడిన శుభ్రమైన దెబ్బను ఫౌల్ అంటాడు, నిశ్శబ్దంగా తుంటితో చేసే తోపును వదిలేస్తాడు. అరచెయ్యి బాల్‌కు గట్టిగా తగిలినా పెద్ద శబ్దమే వస్తుంది.

‘ముందు బాల్ తగిలింది’ అన్న వాదన కూడా ఇక్కడే. ముందు బాల్ తగిలినా, అదే ఊపులో ఒంటితో వచ్చి గాలిలో ఉన్నవాడిని పడగొడితే ఫౌలే. బాల్‌ను ఆపడం శుభ్రంగా ఉంది, తర్వాతి గుద్దుడు శుభ్రంగా లేదు. రెంటినీ విడిగా చూడాలి.

బాల్ మీదున్న వేళ్లకు వేళ్లు తగలడం గురించి టీవీలో ఎన్‌బీఏ (అమెరికా లీగ్) చూసేవాళ్లు ఎక్కువగా అడుగుతారు. అక్కడి నిబంధనల్లో బాల్ మీద ఉన్న చేతికి డిఫెండర్ చెయ్యి తగలడం తప్పు కాదని రాసి ఉంది. ఫిబా ప్రకారం ఆడేటప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు: చెయ్యి తగలడం దానంతటదే ఫౌల్ కాదు, ఆ తగలడం వల్ల డిఫెండర్‌కు అన్యాయంగా లాభం కలిగిందా? ఈ ప్రశ్నే అన్ని కాంటాక్ట్‌లకూ గీటురాయి. షాట్ వదిలే మోచేతిని కొంచెం పక్కకు నెట్టినా బాల్ గురి తప్పొచ్చు. అది చిన్న కాంటాక్టే, నష్టం పెద్దది, ఊదాలి. అదే, బరువైన సెంటర్ ఆటగాడు బోర్డు కింద పైకి లేస్తుంటే పక్కనున్నవాడి భుజం ఆనుకుంది, అతని ఊపూ తూకమూ చెదరలేదు, వేశాడు. కాంటాక్ట్ పెద్దదే, నష్టం లేదు, వదిలేయొచ్చు. బాల్ వేళ్లు వదిలాక మణికట్టు మీద గీసుకుపోయిన గోటికి షాట్‌తో పని లేదు. షూటర్ తూకం తప్పకపోతే దాన్ని ఊదనక్కర్లేదు.

ఈ తూకానికి కొద్దిపాటి ఓపిక కావాలి. కాంటాక్ట్ కనిపించగానే ఊదేయకుండా దాని ఫలితం కనిపించేదాకా ఆగడం మంచి అలవాటు. కానీ బాల్ పడుతుందో లేదో చూసి, పడకపోతే ఊదడం వేరే సంగతి. అది అలవాటైతే ఆటగాళ్లు పసిగడతారు, ‘పడితే ఫౌల్ లేదు, పడకపోతే ఉంది’ అని డిఫెండర్లు గట్టిగా కొట్టడం మొదలెడతారు. స్పష్టంగా కొట్టిన దెబ్బను బాల్ పడినా ఊదాలి. నా లెక్కలో ఇందులో రాజీకి చోటు లేదు.

మూడోది మళ్లీ కాళ్లు. ఇదే అన్నింటికంటే ముఖ్యం. గాలిలోకి లేచినవాడికి లేచిన చోటే తిరిగి దిగే హక్కు ఉంది. వేరే చోట దిగినా, తను లేచే సమయానికి ఆ చోటూ ఆ దారీ ఖాళీగా ఉంటే ఆ హక్కు ఉంటుంది. షాట్ కూడా బాల్ చేతిలోంచి వెళ్లగానే ముగిసిపోదు, రెండు కాళ్లూ నేలకు ఆనేదాకా అతను షాట్‌లోనే ఉన్నాడు. జంప్ షాట్ మీదికి పరిగెత్తుకొచ్చిన డిఫెండర్ చెయ్యి ఎత్తి, కాలు ముందుకు చాపి, షూటర్ దిగే చోట పాదం పెడితే అది షూటింగ్ ఫౌల్. కావాలని కిందికి దూరినా, దూసుకొచ్చి ఆగలేకపోయినా సాధారణంగా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ (ఆట స్ఫూర్తికి విరుద్ధమైన ఫౌల్), తీవ్రతను బట్టి డిస్‌క్వాలిఫై చేసి ఆట నుంచి పంపేయొచ్చు కూడా. చెక్క కోర్టు మీదే చీలమండ తిరిగితే వారాలు పడుతుంది. మన ఊళ్లో చాలా మ్యాచ్‌లు సిమెంటు కోర్టుల మీద, అదీ సాయంత్రం సముద్రపు తేమకు నేల నునుపెక్కిన వేళ జరుగుతాయి. ఆ నేల మీద మరొకడి బూటు మీద దిగిన కుర్రాడికి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బాల్ వెళ్లగానే తల తిప్పి రింగ్ వైపు చూసే రిఫరీ ఈ ఫౌల్‌ను ఎప్పటికీ పట్టలేడు. బాల్ పడిందో లేదో చూడడానికి కోర్టులో ఇంకా చాలామంది ఉన్నారు. షూటర్ పాదాల్ని చూడవలసింది రిఫరీ ఒక్కడే, దిగేదాకా చూడాలి.

షూటర్ మోసం కూడా ఇక్కడే ఉంటుంది. కాలు సహజంగా దిగే చోటు వదిలి పక్కకో ముందుకో చాపి, నిటారుగా ఉన్న డిఫెండర్‌కు తగిలించి పడిపోవడం. ఇది షూటర్ ఫౌల్. షాట్ వేస్తూ గానీ వేసిన వెంటనే గానీ కాళ్లూ చేతులూ చాపి కాంటాక్ట్ పుట్టించకూడదని ఫిబా 33వ నిబంధనలో స్పష్టంగా ఉంది. డిఫెండర్ చేతిని తన చేతితో మెలివేసి లాక్కుని ‘ఫౌల్’ అని అరవడమూ అంతే. ఎన్‌బీఏ కూడా 2021–22 సీజన్ నుంచి ఇలాంటి అసహజ కదలికలకు షూటర్‌కు ఫ్రీ త్రోలు ఇవ్వడం ఆపింది. అసలు తగలకుండానే తల వెనక్కి విసిరి పడిపోతే ఫిబాలో జట్టుకు మొదట హెచ్చరిక, మళ్లీ చేస్తే టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకు పడే ఫౌల్).

పంప్ ఫేక్‌కు (షాట్ వేస్తున్నట్టు చేసే నటనకు) లొంగి ఎగిరిన డిఫెండర్ సంగతి కుర్రాళ్లు తెగ అడుగుతారు. అతను నిట్టనిలువుగా ఎగిరి అక్కడే దిగుతుంటే, షూటర్ ముందుకు వంగి అతని కిందికి దూరితే డిఫెండర్ తప్పు లేదు. అతను ముందుకు ఎగిరి షూటర్ చోటులోకి దిగితే డిఫెండర్‌దే తప్పు, షూటర్ ఆ కాంటాక్ట్ కోసం ఎదురుచూశాడా లేదా అన్నది అనవసరం. కాకపోతే తగిలిన క్షణంలో షూటర్ బాల్‌ను మళ్లీ పైకి కదుపుతున్నాడా అన్నది చూడాలి. ఫేక్ వేసి బాల్ కిందికి దించి, ఇంకా దించుతూ ఉండగా తగిలితే అది షాట్ మీద ఫౌల్ కాదు. మొదట చెప్పిన సూత్రమే, జంప్ షాట్‌కు వర్తించే రూపంలో.

బోర్డు కింద గీసే అర్ధచంద్రాకారపు గీత గురించి మన కోర్టుల్లో ప్రత్యేకంగా చెప్పాలి. డిఫెండర్ ఒక కాలైనా దాని లోపల ఉంటే, బాల్‌తో గాలిలో వచ్చి షాట్ గానీ పాస్ గానీ ఇచ్చేవాడు గుద్దుకున్నా చార్జ్ ఇవ్వకూడదు, చేతులో కాళ్లో అక్రమంగా వాడితే తప్ప. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, లోపలున్న డిఫెండర్‌కు తగిలిన ప్రతిసారీ డిఫెండర్ మీదే ఫౌల్ ఊదేవాళ్లు ఉన్నారు. నిటారుగా ఉన్నాడా, అయితే ఏ ఫౌలూ లేదు, ఆట సాగాలి. బయటి కోర్టుల్లో చాలాచోట్ల ఈ గీతే ఉండదు, ఉన్నా చెరిగిపోయి ఉంటుంది. మ్యాచ్‌కు ముందు పది నిమిషాల్లో సుద్దముక్క, దారంతో గీసుకోవచ్చు. బేస్‌లైన్ (బోర్డు వెనకున్న కోర్టు చివరి గీత) లోపలి అంచు నుంచి 1.575 మీటర్ల దూరాన, రింగ్ మధ్యకు సరిగ్గా కింద ఒక చుక్క. ఆ చుక్క నుంచి 1.25 మీటర్ల దారంతో అరవృత్తం. దాని రెండు కొసల నుంచి బేస్‌లైన్ వైపు 37.5 సెంటీమీటర్ల చొప్పున తిన్నని గీతలు, అవి బోర్డు ముఖం కిందికి వచ్చి ఆగుతాయి. ఇంతే. ఇది గీయకుండా మ్యాచ్ మొదలుపెట్టి, తర్వాత ‘లోపలున్నాడు, బయటున్నాడు’ అని కొట్టుకోవడంలో అర్థం లేదు.

రిఫరీ నిలబడే చోటు తప్పైతే నిబంధనలన్నీ నోటికి వచ్చినా లాభం లేదు. షూటర్‌కూ డిఫెండర్‌కూ మధ్యనున్న సందు కనిపించాలి. వాళ్లిద్దరితో ఒకే వరుసలో పడితే ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనిపించదు, అక్కడి నుంచి ఊదేది ఊహ. ఒక అడుగు, రెండడుగులు పక్కకు వేస్తే సందు తెరుచుకుంటుంది. పరిగెత్తుతూ చూసినదాని కంటే ఆగి చూసినది నమ్మదగింది, కాబట్టి డ్రైవ్ (బాస్కెట్ వైపు దూసుకెళ్లడం) మొదలయ్యేలోపే ఆ చోటికి చేరి కుదురుకోవాలి. మన దగ్గర ఎక్కువగా ఇద్దరు రిఫరీలే ఉంటారు. వెనకున్న ట్రైల్ రిఫరీ మూడు పాయింట్ల ఆర్క్ దగ్గరి షూటర్‌ను కాళ్లు దిగేదాకా వదలకూడదు, రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చే బాల్) కోసం జరిగే తోపులాట బేస్‌లైన్ మీదున్న లీడ్ రిఫరీ చూసుకోవాలి. ఇద్దరూ బాల్‌నే చూస్తే ఇద్దరూ ఒకటే తప్పు చేస్తారు. ట్రైల్‌కు దూరంగా ఉండే పక్క నుంచి వచ్చే డ్రైవ్ ఈ ఇద్దరి పద్ధతిలో బలహీనమైన చోటు. లీడ్ ముందే పసిగట్టి అటు జరగాలి.

కోర్టు చుట్టూ 2 మీటర్లు ఖాళీ ఉండాలని నిబంధన. బయటి కోర్టుల్లో బోర్డు స్తంభమో గోడో బేస్‌లైన్‌కు ఆనుకుని ఉంటే లీడ్ వెనక్కి జరగలేడు. అప్పుడు స్తంభం దగ్గరే ఇరుక్కోవడం మానేసి, పెయింట్ (బాస్కెట్ ముందున్న దీర్ఘచతురస్రం) బయటికి, కార్నర్ వైపు కొంచెం జరిగి ఏటవాలుగా చూడడం మంచిది. ఒకేపక్క దీపాలుండే కోర్టుల్లో రాత్రిపూట వెలుతురు ముఖం మీద పడే పక్కన చేతుల నీడలు మోసం చేస్తాయి. హాఫ్ టైమ్‌లో ఎండ్లు మారతాయి కాబట్టి ఆ ఇబ్బంది రెండు జట్లకూ సమానంగానే పంచబడుతుంది.

ఇక లెక్కలు. షాట్ మీద ఫౌలై బాల్ పడితే పాయింట్లు ప్లస్ ఒక ఫ్రీ త్రో. పడకపోతే రెండు, 6.75 మీటర్ల ఆర్క్ బయటి నుంచి లేస్తే మూడు. గీత మీద కాలి వేలు తగిలినా అది రెండు పాయింట్ల షాటే, కాబట్టి షూటర్ లేచేముందు కాళ్లు ఎక్కడున్నాయో చూసి ఉంచుకోవాలి, తర్వాత చూద్దామంటే కుదరదు. షాట్ మీద కాని ఫౌల్ అయితే, ఆ క్వార్టర్‌లో ఆ జట్టుకు నాలుగో టీమ్ ఫౌల్ వరకూ బయట నుంచి బాల్, అయిదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు. ఇది గుర్తుంచుకుంటే సగం వాదనలు అనవసరమని తెలుస్తుంది: అవతలివాళ్లు అయిదో ఫౌల్‌కు వచ్చేశాక రెండు పాయింట్ల షాట్ పోయినప్పుడు ‘షాట్ మీదా, కాదా’ అన్నదానికి ఫలితంలో తేడా ఉండదు, ఎలాగైనా రెండే. తేడా వచ్చేది బాల్ పడినప్పుడు, లేదా మూడు పాయింట్ల షాట్ అయినప్పుడు.

సమయం ముగిసే బజర్ దగ్గర ఇంకో చిక్కు. ఫౌల్ బజర్ కంటే ముందే అయ్యింది, కానీ బజర్ మోగేసరికి బాల్ ఇంకా చేతిలోనే ఉంది, తర్వాత పడింది. ఆ బాస్కెట్ చెల్లదు. ఫౌల్ మాత్రం చెల్లుతుంది, రెండో మూడో ఫ్రీ త్రోలు ఇవ్వాలి.

షూటరే డిఫెండర్‌ను గుద్దితే? బాల్ ఇంకా చేతిలో ఉండగా గుద్దితే బాస్కెట్ రద్దు. బాల్ వదిలేశాక, గాలిలో ఉండగా గుద్దితే ఫిబా ప్రకారం పడిన బాస్కెట్ చెల్లుతుంది, ఫౌల్ కూడా చెల్లుతుంది. బాల్ చేతిలోంచి వెళ్లిపోయింది కాబట్టి ఆ జట్టు అధీనంలో లేదు. అందువల్ల ఆ ఫౌల్ వాళ్లకు అయిదోదో ఆపైదో అయితే గుద్దించుకున్నవాడికి రెండు ఫ్రీ త్రోలు కూడా వస్తాయి. ఇది స్కోరు రాసే చాలామంది టేబుల్ అధికారులకే కొత్తగా అనిపిస్తుంది.

ఫాస్ట్ బ్రేక్‌లో (డిఫెన్స్ సర్దుకునేలోపే చేసే దాడిలో) వెనక నుంచి పట్టి లాగడానికీ ఈ షాట్ మొదలే గీత. ముందు ఎవరూ లేకుండా వెళ్తున్నవాడిని వెనక నుంచో పక్క నుంచో అక్రమంగా తాకితే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్. ఆ నియమం షాట్ మొదలయ్యేదాకానే. షాట్ మొదలయ్యాక బాల్ కోసమే ప్రయత్నిస్తూ తగిలిస్తే మామూలు షూటింగ్ ఫౌల్. కానీ బాల్ కోసం కాకుండా మనిషి మీదికే వస్తే, లేదా మరీ గట్టిగా కొడితే షాట్ మొదలయ్యాక కూడా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైకే. ఫ్రీ త్రోలతో పాటు బాల్ కూడా వాళ్లకే.

3×3 (జట్టుకు ముగ్గురు) ఆడేవాళ్లకు ఒక మాట. అక్కడ షాట్ మొదలు అన్న తీర్పు ఇదే, శిక్షలు వేరు. ఆర్క్ లోపల షాట్ మీద ఫౌలైతే ఒక ఫ్రీ త్రో, బయటైతే రెండు. ఏడో టీమ్ ఫౌల్ నుంచి లెక్క మళ్లీ మారుతుంది.

రిఫరీ ఏం తేల్చాడో తెలుసుకోవడం తేలిక. పిడికిలి పైకెత్తాక వేళ్లు చూపిస్తే అన్ని ఫ్రీ త్రోలు, షాట్ మీద ఫౌల్. వేలు నేలకు చూపిస్తే షాట్ మీద కాదు. మీ మ్యాచ్‌లో రిఫరీ నేలకు చూపించాడంటే అతను దెబ్బను బాల్ నిలవకముందు చూశాడని అర్థం. కారణం అడగాలనుకుంటే బాల్ డెడ్‌గా, గడియారం ఆగి ఉన్నప్పుడు కెప్టెన్ మర్యాదగా అడగొచ్చు, ఆ హక్కు ఉంది. ‘అది షాట్ కాదా సర్’ అని అడిగితే ‘కాదు’ అనే వస్తుంది. ‘దెబ్బ తగిలేసరికి బాల్ చేతిలో ఆగిందా సర్’ అని అడిగితే అతను చూసింది చెప్తాడు, తర్వాతిసారి ఇంకా జాగ్రత్తగా చూస్తాడు.

మీ దగ్గర ఫోన్ వీడియో ఉందన్నారు. మామూలు ఫోన్ వీడియోలో సెకనుకు ముప్పై ఫ్రేములుంటాయి, ఈ పనికి చాలు. శబ్దం ఆపేసి చూడండి, విజిల్ తప్పుదారి పట్టిస్తుంది. డిఫెండర్ చెయ్యి మోచేతికి మొదట ఆనిన ఫ్రేము దగ్గర ఆపి, బాల్‌ను చూడండి. అరచెయ్యి బాల్ కింద ఉండో, రెండు చేతులూ బాల్ మీద ఉండో కనిపించి, తర్వాతి ఫ్రేముల్లో ఆ చేతులు ఆగకుండా బాస్కెట్ వైపే వెళ్తే, మీ కుర్రాడికి రెండు పాయింట్లూ ఒక ఫ్రీ త్రో రావలసింది. బాల్‌కూ చేతికీ మధ్య ఇంకా ఖాళీ ఉంటే, లేదా చెయ్యి బాల్ పైన ఉంటే రిఫరీ చెప్పిందే సరి. వీడియో షూటర్ వెనక నుంచి తీసినదైతే మాత్రం దాన్ని పక్కన పెట్టండి, అక్కడి నుంచి ఆ సందు కనిపించదు. మూడో క్వార్టర్ ఫౌల్‌ను కూడా ఇదే పద్ధతిలో ఆపి చూసి, రెండు ఫ్రేములూ పక్కపక్కన పెట్టండి.